ఎర్ర బండి మీద నా పేరు

జులై 4

డాక్టర్ చీటీ ఇచ్చాడు. మోకాలు బాగైందట. "ఇక నువ్వు స్కీ చేయొచ్చు గ్లెనిస్" అన్నాడు, తన జేబులోంచి తీసి ఇస్తున్నట్టు. పది నెలలు ఆ మోకాలిని చంటిపిల్లలా సాకింది నేను, పేరు అతనికి. వచ్చేటప్పుడు అతని గది తలుపుకి వేలాడే 'లోపల రోగి ఉన్నారు' పలక తీసి మరుగుదొడ్డి తలుపుకి తగిలించి వచ్చాను. లోపల ఎవరో ఉన్నారు కూడా.

సరే. మోకాలు సిద్ధం. స్కీలే లేవు.

పాత జత మా స్కీ క్లబ్ కంచెలో ఉంది. కార్లు ఆపే చోట కంచె అంతా చచ్చిన స్కీలే కదా, అందులో చేర్చాను. పోయిన అక్టోబర్లో చంకకర్రల మీద నిలబడి నా చేత్తో నేనే కొట్టాను, ఆరంగుళాల మేకులతో, ఒక్కోదానికి నాలుగు. నన్ను పడేసినవి అవే. వాటి నడుము, అంటే మధ్య వెడల్పు, మరీ సన్నం. మెత్తటి మంచులో దిగబడిపోయాయి. జరిగింది అంతే.

కాబట్టి కొత్తవి కొనాలి. ఒకటే జత. గట్టి మంచుకొకటి, మెత్తటి మంచుకొకటి అని వరసగా పెట్టుకోవడానికి లోపల మాంసం కూరిన పైలు కాల్చి అమ్ముకునేదాని ఇంట్లో చోటుండదు. పైగా మా కొండ మీద అన్నీ ఒక్కరోజే తగులుతాయి. పొద్దున మంచు అద్దం, పదింటికి పెంకు, రాళ్ళ నీడన పిండి, మధ్యాహ్నానికి జావ. అన్నిటికీ పనికొచ్చే జత కావాలంటే తొందరపడకూడదు.

తొందరేముంది. భూమికి మా అడుగు వైపున చలికాలం ఇప్పుడే మొదలైంది, సీజన్ సెప్టెంబర్ ఇరవై ఏడు దాకా ఉంది.

జులై 7

వైమారీ పొయ్యిలోంచి పైలు తీస్తూ, ఏదో ఉల్లిపాయల ధర చెబుతున్నట్టు చెప్పింది.

"నీ పేరు ఇంకా ఉంది, ఎర్ర బండి మీద."

వైమారీ వారమంతా నా కొట్లో వండుతుంది, శని ఆదివారాలు కొండ మీద క్లబ్‌లో వండుతుంది. పాతికేళ్ళ నుంచీ కొండ ఎక్కుతోంది, ఒక్కసారి కూడా స్కీ కాలికి కట్టలేదు. కొండ మీద జరిగేవన్నీ నాకన్నా ముందు తనకే తెలుస్తాయి.

"చెరిపెయ్యకపోయావా? సుద్దముక్కతో రాసిందే కదా."

"నేనెట్టా చెరుపుతానే? బండిలో పడుకుని దిగినవాళ్ళే మళ్ళీ పైనుంచి తమ కాళ్ళ మీద దిగొచ్చి, తమ గ్లవ్‌తోనే చెరుపుకోవాలి. శనివారం బండి కడిగాను. నీ పేరు చుట్టూ కడిగి వదిలేశాను."

"తెలుసులే."

"మూసే రోజుకి కూడా ఉంటే..."

"రంగుతో రాసేస్తారు. తెలుసంటున్నానా."

దెబ్బ తగిలినవాళ్ళని మంచు మీద జార్చుకుంటూ కొండ దించే ఆ బండి మీద రంగుతో రాసిన పేర్లు మూడున్నాయి. ముగ్గురూ మళ్ళీ పైకి రాలేదు. అందులో ఒకాయన ఇప్పుడు గోల్ఫ్ ఆడుతున్నాడు. తలచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

"రంగు డబ్బా ఎవరి దగ్గరుంటుంది?" అన్నాను.

"ఫర్గస్ షెడ్‌లో. ఎందుకు?"

"ఊరికే."

జులై 11

క్రైస్ట్‌చర్చ్ పట్నం వెళ్ళాను, స్కీల కొట్టుకి. అమ్మేవాడికి నలభై ఏళ్ళు, మీసాలకి నలభై గ్రాముల మైనం.

"మీరు ఎలాంటి స్కీయర్ మేడమ్?"

"కూర్చునే రకం. పది నెలల నుంచీ."

నవ్వలేదు. వెళ్ళి ఒక జత తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. గులాబీ రంగు. దాని మీద తెల్ల పూలు. ఆరేళ్ళ పిల్ల పుట్టినరోజు కేకుని రోడ్డు రోలర్ తొక్కినట్టుంది.

"నడుము తొంభై నాలుగు మిల్లీమీటర్లు. అంతకన్నా వెడల్పైతే మెత్తటి మంచులో తేలతాయి గానీ గట్టి మంచులో పట్టు దొరకదు. సన్నమైతే గట్టిదాన్ని కోస్తాయి, మెత్తదాంట్లో మునుగుతాయి. ఇది మధ్యస్తం. అన్నిటికీ సరిపోతుంది."

"నా నడుమూ ఇంచుమించు అంతే, సెంటీమీటర్లలో. నన్నెవరూ అన్నిటికీ సరిపోతానని అన్లేదు."

"రంగు చూసి వద్దనకండి మేడమ్."

"మేడమ్ అనే కొట్లో కూడా కొనకూడదు."

కొనలేదు. వచ్చేముందు కిటికీలో నిలబెట్టిన బొమ్మ చేతులకి స్కీ బూట్లు తొడిగాను. మీసాలాయన ఎప్పటికి చూస్తాడో.

జులై 12

క్లబ్‌కి వెళ్దామనుకున్నాను. పైల ఆర్డర్లు ఎక్కువ.

జులై 13

ఇవాళ కూడా.

జులై 18

శుక్రవారం కదా, ఫర్గస్ వచ్చాడు. స్కీ చేసేవాళ్ళని కొండ మీదకి లాగే తాడుంది కదా, దాన్ని నడిపే ఇంజిన్ అతనిదే. అంటే క్లబ్‌దే, కానీ దాని దగ్గు, జలుబు అన్నీ అతనికే తెలుసు. ప్రతి శుక్రవారం కీమా చీజ్ పై ఒకటి తింటాడు. ఇవాళ మూడు తిన్నాడు. నాకేం.

ఒక కాగితం తెచ్చాడు. నా ఎత్తు, నా బరువు (అడక్కుండానే వేశాడు, నాలుగు కిలోలు తక్కువే వేశాడు), స్కీ పొడుగు నా ముక్కు దాకా ఉండాలా కనుబొమల దాకా ఉండాలా, బూటుని విడిచిపెట్టే కీలు ఎంత బిగించాలి, అన్నీ పెన్సిల్‌తో.

"కీలు ఐదు మీద పెట్టాలి నీకు. అంతకన్నా బిగిస్తే పడ్డప్పుడు స్కీ ఊడదు, మోకాలు ఊడుతుంది."

"నేను పడతానని ముందే రాసిపెట్టుకున్నావా?"

"గ్లెన్, అసలా రోజు ఏం జరిగింది? నీ వెనకే ఉన్నాను నేను. రాయి లేదు, గుంట లేదు. తిన్నగా పోయి పోయి గడ్డిదుబ్బులో పడ్డావు."

"వెలుతురు లేదు."

"ఎండ కాస్తోంది."

"అదే. ఎండ ఎక్కువైంది. కళ్ళు చీకట్లు కమ్మాయి."

పై మీద చీజ్ గీరుకుంటూ నన్ను చూశాడు. అతని కళ్ళు నీలం అని ఎప్పుడూ గమనించలేదు. ముప్పై ఏళ్ళు గమనించకపోతే ఇప్పుడు గమనించడమెందుకు? అనవసరం.

జులై 19

కొట్టు కిటికీలో కార్డు పెట్టాను: 'అమ్మకానికి: ఫర్గస్. 1967 మోడల్. ఇంజిన్ గట్టిది, పొద్దున్నే స్టార్టవడం కష్టం. మాట్లాడటం మొదలుపెడితే బ్రేకులు పడవు.' కింద అతని ఫోన్ నంబర్.

మధ్యాహ్నానికి పదకొండు మంది ఫోన్ చేశారట. ఆఖరావిడకి ఏం చెప్పాడో వైమారీ వినొచ్చి చెప్పింది: "ఒంటిగా అమ్మరండీ. పైల కొట్టుతో కలిపితేనే."

కార్డు తీసేశాను. కిటికీలో చోటు లేక.

జులై 28

ఫర్గస్ షెడ్‌కి వెళ్ళాను, అతను లేనప్పుడు. రంగు డబ్బా ఖాళీ చేసి అందులో మాంసం పైల్లోకి వాడే గ్రేవీ పోసి మూత బిగించాను. రంగుని మా పెరటి తలుపుకి వేశాను. తలుపు బాగుంది.

ఆగస్టు 4

ఇంట్లో ఏడు స్కీ కంపెనీల పుస్తకాలున్నాయి. వంటింటి బల్ల మీద పరిచి ఒక్కోదానికి లోపం రాశాను. ఒకటి బరువు: కార్ల దగ్గర్నుంచి క్లబ్ దాకా ముప్పావుగంట నడక, భుజం విరుగుతుంది. ఒకటి తేలిక: గాలికి కొట్టుకుంటుంది. ఒకటి ముక్కు పొడుగు. ఒకదానికి ముక్కుతో పాటు తోక కూడా పైకి లేచి ఉంది, ఎటు వెళ్తున్నానో నాకే తెలీదు. ఒకటి నల్లది, చావుకి వెళ్తున్నట్టుంటుంది.

వైమారీ కాగితం లాక్కుని పైకే చదివింది.

"ఒసేయ్, నీక్కావాల్సింది స్కీలు కాదే. తిట్టడానికి ఏదో ఒకటి."

"ఎన్నుకుంటున్నాను. ఇది పదేళ్ళు వాడాల్సిన వస్తువు."

"మా మేనకోడలు మొగుణ్ణి ఎన్నుకోవడానికి కూడా ఇన్నాళ్ళు పట్టలేదు."

"అందుకే వాడు దొరికాడు."

ఎప్పుడూ నవ్వేది, ఇవాళ నవ్వలేదు. ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటూ, "నీకు భయమేస్తోందని చెప్తే నేనేమన్నా అంటానా?" అంది.

భయమా. నాకా. ఆ రోజు పడ్డది రాయి తగిలి. ఎవరైనా పడతారు.

ఆగస్టు 9

బూట్లు కూడా విప్పకుండా రాస్తున్నాను.

పొద్దున్నే వైమారీ కారు ఆపి "ఎక్కు, క్లబ్‌లో బంగాళాదుంపలు చెక్కడానికి మనిషి లేదు" అంది. నమ్మాను. ఇన్నేళ్ళుగా మనుషుల్ని ఏడిపిస్తున్నదాన్ని, బంగాళాదుంపలకి మోసపోయాను.

పైన పిల్లల వాలు పక్కన ఫర్గస్ నిలబడి ఉన్నాడు. మంచులో నాలుగు జతల స్కీలు గుచ్చి ఉన్నాయి. ముక్కు నుంచి తోక దాకా నల్ల టేపు చుట్టేసి ఉంది. పేరు లేదు, రంగు లేదు. పైన తెల్లగా ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"ఏమిటయ్యా ఇది? స్కీల అంత్యక్రియలా?"

"కంపెనీ పేరు కనపడితే తిడతావు, రంగు కనపడితే తిడతావు. ఇప్పుడు కాళ్ళతో చూడు. నాలుగూ నీ బూటుకి సరిచేశాను. ఐదు మీదే పెట్టాను."

"బంగాళాదుంపలు చెక్కాలి."

"చెక్కేశాను" అంది వెనక నుంచి వైమారీ.

నా నడుము పట్టీ కూడా తెచ్చాడు, ముందు ఇనప అడకత్తెర వేలాడుతూ. పరిగెత్తే తాడు పక్కన చేరి, ఎడమ చేత్తో తాడు పట్టుకుని, వేగం కలిశాక అడకత్తెర దాని మీదకి విసిరి నొక్కాలి. కప్పీ దగ్గర వేళ్ళు జాగ్రత్త. బయటివాళ్ళు వారం ఏడుస్తారు నేర్చుకోవడానికి. నేనూ ఇవాళ ఏడవాల్సిందే అనుకున్నాను. కానీ తోలు గ్లవ్‌లో తాడు జారుతూ వేడెక్కుతుందే, ఆ వాసన రాగానే నా చెయ్యి నన్నడక్కుండా అడకత్తెర తిప్పేసింది. టక్. నడుము పట్టి లాగింది కొండ. పదకొండు నెలల తరవాత.

ఒకటో జత: చెప్పకముందే తిరుగుతుంది, అచ్చం వైమారీ. గట్టి మంచు మీద పళ్ళు కొరికినట్టు చప్పుడు.

రెండోది బరువు. ఒకసారి బయల్దేరితే తిరగదు, ఆగదు. మా ఆయన ఇలాగే బయల్దేరాడు, సముద్రం దాటి పెర్త్‌లో తేలాడు.

మూడోది వెడల్పు. మెత్తటి మంచులో పడవలా హాయిగా ఉంది. కానీ తాడు పక్కన అందరి స్కీలూ కోసిన రెండు చాళ్ళలో ఇమడలేదు. రెండూ ఒకదాన్నొకటి రాసుకుని పోట్లాడుకున్నాయి, మధ్యలో నేను. గట్టి నేల మీదైతే టీ ట్రేల మీద నిలబడ్డట్టే.

నాలుగోది ఏమీ అనలేదు.

అదే వింత. నీడలో అద్దంలా ఉన్న చోట కాలు వంచగానే పట్టింది, పెంకులో చాకు దిగినట్టు. పక్కన గాలి కొట్టి పోగేసిన మెత్తదాంట్లోకి పోనిచ్చాను, ముక్కు పైకెత్తుకుని వచ్చింది. కింద ఎండకి జావైన చోట దున్నుకుంటూ పోయింది. నేను వాటి గురించి ఆలోచించడం మానేశాను. మోకాలి గురించీ మానేశాను. ఎక్కాను, దిగాను. మళ్ళీ ఎక్కాను. ఏడుసార్లు. ఎవరో గట్టిగా పాడుతున్నారు. చూస్తే నేనే.

"నాలుగు" అన్నాను, ఆయాసపడుతూ. "ఇవే. కంపెనీ ఏదైనా సరే, తీసుకుంటాను."

"మాటేనా?"

"మాటే."

ఫర్గస్ మోకాళ్ళ మీద కూర్చుని, పెళ్ళిగౌను మడత విప్పినంత జాగ్రత్తగా టేపు ఊడదీశాడు. ముందు ఒక తెల్ల పువ్వు కనపడింది. తరవాత గులాబీ రంగు.

పుట్టినరోజు కేకు.

వైమారీ మంచులో కూలబడి నవ్వింది. "మోసం! ఇది మోసం!" అన్నాను.

"టేపు వేసింది స్కీలకి కాదు గ్లెన్, నీ నోటికి" అన్నాడు ఫర్గస్. జేబులోంచి ఒక చీటీ తీసిచ్చాడు. స్కీల కొట్టాయన పంపాడట. 'బొమ్మ చేతులకి బూట్లు తొడిగిన మేడమ్‌కి: వారం వాడి చూడండి. నచ్చకపోతే వెనక్కి పంపండి. నచ్చుతాయి.'

ఇన్నేళ్ళలో నన్ను ఇంత బాగా ఎవరూ ఏడిపించలేదు. ముగ్గురు కలిసి చేయాల్సి వచ్చింది, అదొక్కటే ఊరట.

ఆగస్టు 10

మోకాలు కొంచెం వాచింది. ఐసు పెట్టాను. స్కీలు మంచం పక్కన ఉన్నాయి. దుమ్ము పడకుండా.

ఆగస్టు 16

స్కీల కొట్టుకి డబ్బు పంపేశాను. స్కీలు నావి.

శనివారమే. కానీ పైన గాలి.

ఆగస్టు 23

గాలి లేదు. వాన వచ్చేలా ఉంది.

రాలేదు.

ఆగస్టు 30

పిల్లల వాలు మీద ఎవరైనా స్కీ చేస్తారు. బండి మీద పేరు చెరపాలంటే శిఖరం నుంచి దిగాలి, ఆ గడ్డిదుబ్బు పక్కగా. స్కీలు కొన్నాక ఇక సాకేమీ మిగల్లేదు. కొనకుండా ఉండాల్సింది.

సెప్టెంబర్ 7

ఎవరూ చదవరు కదా. రాసేస్తాను.

స్కీల నడుము సన్నమై కాదు. వెలుతురు లేక కాదు, ఎక్కువై కాదు. రాయి లేదు.

ఆ రోజు పొద్దున ఫర్గస్ క్లబ్ వంటింట్లో గిన్నెలు కడుగుతున్నాడు, అతని వంతు. మేకుకి తగిలించిన అతని జాకెట్ వెనక అంచు కుట్టు విప్పి, బొటనవేలంత ఇత్తడి గంట లోపల పెట్టి మళ్ళీ కుట్టాను. శిఖరం నుంచి బయల్దేరాం. మలుపు తిరిగాడు, టింగ్. ఆగాడు. స్కీ కీలు ఊడిందేమోనని వంగి చూసుకున్నాడు. మళ్ళీ బయల్దేరాడు. టింగ్. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. బిగించాడు. టింగ్. తొమ్మిదిసార్లు. నేను ముందుకెళ్ళి ఆగడం, చూడటం, పొట్ట పట్టుకోవడం. పదోసారి ఆగడానికి ఓపిక లేక, దిగుతూనే వెనక్కి తిరిగి చూశాను. నవ్వుతూ. పూర్తి వేగంలో. వెళ్ళి దుబ్బులో పడ్డాను. తడి కొమ్మ విరిగినట్టు చప్పుడు, మోకాలి లోపల.

అప్పుడు వినపడింది. టింగ్ టింగ్ టింగ్ టింగ్. ఈసారి ఎక్కడా ఆగలేదు అతను. కీలు చూసుకోలేదు. పక్కన మోకాళ్ళ మీద పడ్డాడు, నా కాలు కదలకుండా పట్టుకున్నాడు, కదిలినప్పుడల్లా మోగుతున్నాడు. నేను ఏడుస్తున్నాను, నవ్వుతున్నాను. నొప్పికి మతి తప్పిందనుకున్నాడు. ఎర్ర బండి పక్కనే నా చెయ్యి పట్టుకుని కింద దాకా వచ్చాడు, దారంతా ఐస్‌క్రీం బండిలా మోగుతూ.

చెప్పలేదు. ఎట్లా చెప్పను? ఊరందరి మీదా వేసిన ఎత్తులన్నీ పోయి, చివరికి నా మోకాలి మీద నేనే వేసుకున్నానని?

మంచంటే భయం లేదు నాకు. పడటమంటే కూడా లేదు. పైకెళ్తే నవ్వొస్తుంది. నవ్వొస్తే వెనక్కి చూస్తాను. నవ్వకుండా దిగాలంటే ఇంక అక్కడికి వెళ్ళడమెందుకు?

సెప్టెంబర్ 19

శుక్రవారం. ఫర్గస్ ఒక్క పై తిన్నాడు. స్కీల గురించి ఒక్క మాట అనలేదు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "వచ్చే శనివారం మూసేస్తున్నాం. నువ్వు రాకపోతే రంగు నేనే వేయాలి గ్లెన్. నాకిష్టం లేదు" అన్నాడు.

గ్రేవీ సంగతి గుర్తొచ్చి లోపలికి పరిగెత్తాను, నవ్వాపుకోవడానికి. అతను ఇంకోలా అనుకున్నట్టున్నాడు. కిటికీలోంచి చూస్తే రోడ్డు మీద చాలాసేపు నిలబడ్డాడు.

సెప్టెంబర్ 26

స్కీలకి మైనం రాశాను. రాసినంత మాత్రాన వెళ్తున్నట్టు కాదు.

సెప్టెంబర్ 27

వెళ్ళాను.

అందరూ ఎర్ర బండి చుట్టూ ఉన్నారు. సుద్దతో రాసిన నా పేరు ఏడాదికి పసుపెక్కింది. ఫర్గస్ పెద్దమనిషిలా గొంతు సవరించుకుని, "రూల్ ప్రకారం ముందు డబ్బా తెరిచి అందరికీ చూపిస్తాం" అన్నాడు. మూతలోకి స్క్రూడ్రైవర్ దూర్చి లేపాడు.

రెండు నెలల గ్రేవీ.

ఆ వాసనని వర్ణించడానికి నా చదువు చాలదు. ముందు వరస వెనక్కి పరిగెత్తింది. ఒక కీయా చిలుక మాత్రం ఎగిరొచ్చి డబ్బా అంచు మీద వాలింది, భోజనానికి పిలిచినట్టు. వైమారీ గరిట పట్టుకుని అరిచింది: "అది నా గ్రేవీ! నా మిరియాల వాసన నాకు తెలీదా!"

ఫర్గస్ నా వైపు చూశాడు. మూత పెట్టేశాడు.

"రంగు లేదు. అంటే ఇక చెరపడం ఒక్కటే దారి" అన్నాడు. "తాడు నడుస్తోంది."

ఎక్కాను. అడకత్తెర, టక్. అతనూ నా వెనకే వచ్చాడు, పైన కప్పీ చూసుకోవాలని. శిఖరం మీద, "జాకెట్‌కి మంచు అంటింది, ఆగు" అని నా వీపు దులిపాడు. దులపడానికి అంతసేపు పట్టదు. నేను కదలకుండా నిలబడి దులిపించుకున్నాను.

కింద మనుషులు నువ్వుగింజల్లా ఉన్నారు. నవ్వకూడదు, వెనక్కి చూడకూడదు, అనుకుంటూ బయల్దేరాను. అద్దం మీద మొదటి మలుపు. స్కీ పట్టింది.

టింగ్.

ఆగాను. కీలు వదులైనట్టుంది. వంగి చూశాను. ఐదు మీదే ఉంది. బయల్దేరాను.

టింగ్.

కేకు రంగు దరిద్రపు స్కీలు, అనుకున్నాను. మీసాలాయన్ని నాలుగు తిట్టాను. రెండో కీలు నొక్కి చూశాను. బిగుతుగానే ఉంది. మళ్ళీ ఒక మలుపు. టింగ్.

వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయాను.

ఆ చప్పుడు నాకు తెలుసు. దాని ఖరీదు కూడా తెలుసు.

ఆ గంట ఏడాది నుంచీ అతని దగ్గరే ఉంది. కుట్టు విప్పి తీశాడు, దాచాడు, నోరెత్తలేదు. ప్రతి శుక్రవారం నా ఎదురుగా కూర్చుని పై తింటూ, నేను ఎండంటే, వెలుతురంటే తల ఊపాడు. ఇప్పుడు పైన నిలబడి, నేను కీళ్ళు చూసుకుంటుంటే లెక్కపెడుతూ ఉంటాడు. మూడు.

నవ్వొచ్చింది. ఆపలేదు. పొట్టలోంచి వచ్చింది, కళ్ళద్దాలు ఆవిరెక్కాయి. నవ్వుతూనే స్కీ ముక్కుల్ని లోయలోకి వదిలాను. పెంకు, టింగ్. రాళ్ళ నీడలో పిండి, అక్కడ మోకాళ్ళ దాకా తేలుతూ, టింగ్, టింగ్. దుబ్బు పక్కనుంచి పోయింది. పోనీ. కింద జావ. స్కీలు మాత్రం నోరు మెదపలేదు, వాటికీ నాకూ మధ్య మాటలే అవసరం రాలేదు. అంత నవ్వులోనూ ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. చూడాల్సిన పనేముంది? ఎక్కడున్నాడో, ఏం మొహం పెట్టాడో నాకు చూడకుండానే తెలుసు.

తిన్నగా ఎర్ర బండి దగ్గరకి వచ్చి ఆగాను. గ్లవ్ తడి మంచులో ముంచి, జి నుంచి మొదలుపెట్టి చెరిపాను. చెయ్యి కదిలినప్పుడల్లా గంట మోగింది.

అప్పుడు తిరిగి చూశాను.

ఫర్గస్ దిగుతున్నాడు. నన్నే చూస్తున్నాడు, నోరంతా తెరిచి నవ్వుతున్నాడు, రెండు చేతులూ పైకెత్తి ఊపుతున్నాడు. ముందేముందో చూసుకోవడం లేదు.

"దుబ్బు!" అని అరిచాను. "ఒరేయ్ ఫర్గస్, దుబ్బు!"

అదే దుబ్బు. స్కీలు రెండూ ఊడి చెరో పక్కకి ఎగిరాయి. కీళ్ళు సరిగ్గానే పెట్టుకున్నాడు మరి. నేను ఎప్పుడు అక్కడికి చేరానో నాకు తెలీదు, గంట మోగిస్తూ ఎక్కానట. వెల్లకిలా పడి ఉన్నాడు, మొహం నిండా మంచు.

"మోకాలు?" అన్నాను.

"బాగానే ఉంది. పిరుదు కొంచెం..." ఆగాడు. "మోగుతున్నావు గ్లెన్."

"నోర్ముయ్."

లేవబోతే చెయ్యి ఇచ్చాను. తీసుకున్నాడు. లేచాక కూడా వదల్లేదు. నేనూ లాక్కోలేదు, అతనికి పిరుదు నొప్పి కదా.

కింద వైమారీ సుద్దముక్క పట్టుకుని సిద్ధంగా ఉంది. "రాయనా?"

"నడిచొచ్చానుగా, బండెక్కలేదు" అన్నాడు ఫర్గస్.

"ఎక్కించండి" అన్నాను.

ఆరుగురు కలిసి ఎక్కించారు, తన్నుకుంటుంటే పట్టీలు కట్టి. క్లబ్ దాకా లాక్కెళ్ళాం, పాటలు పాడుకుంటూ. వైమారీ పెద్ద అక్షరాలతో రాసింది, నా పేరు చెరిపిన తడి ఇంకా ఆరని చోటే. వచ్చే ఏడు శిఖరం నుంచి దిగి చెరుపుకోవాలి. వెనక ఎవరో ఒకరు ఉండాలి, చూసుకోవడానికి.

సెప్టెంబర్ 28

మోకాలు వాయలేదు. నవ్వి నవ్వి పక్కటెముకలు నొప్పి.

జాకెట్ అంచు విప్పాను. శిఖరం మీద దులుపుతూ వేసిన కుట్టు చూస్తే నవ్వొచ్చింది, ఇంజిన్ బెల్టు కుట్టే దారం, అంగుళానికొక పోగు. గంట వేడినీళ్ళలో మరిగించి, తుడిచి, వంటింటి అరలో పెట్టాను.

శుక్రవారం ఇంకా ఐదు రోజులుంది. ఫర్గస్‌కి కీమా చీజ్ పై, కొంచెం పెద్దది చేస్తాను. అతని పళ్ళు గట్టివే.